శ్రీపంచమి నాడు విప్పిన అక్షరాల మూట

విఘ్నములను వారించు వేల్పునకు ముందుగా మ్రొక్కి, వాక్కునకు ఏలికయైన తల్లిని తలచి, మా పూర్వులు మూడు వేళలా దోసిలి పట్టిన తుంగభద్రకు నమస్కరించి, విభవ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమీ శుక్రవారమునాడు ఆదోని పట్టణమందు మొదలై, రథసప్తమీ భానువారమునాడు ఎమ్మిగనూరియందు ముగిసిన యొక కార్యమును వ్రాయ బూనితిని. ఇంగ్లీషు లెక్కకు అది 1989వ సంవత్సరపు ఫిబ్రవరి నెల. కార్యము గెలుపుతో ముగిసినదని ముందే చెప్పుటలో దోషము లేదు. గెలిచిన తీరు చెప్పుటయే నా సంతోషము.

మాది పంచాంగకర్తల ఇల్లు. ఎమ్మిగనూరులో కూర్చుని తిథి వార నక్షత్రాలు గుణించడం మా పెదనాన్నగారి వంతు. ఆ రాతప్రతిని ఆదోనికి తెచ్చి అచ్చు వేయించడం, తప్పులు దిద్దడం నా వంతు. నేను ఆదోనిలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉండేవాణ్ణి. అచ్చు వేసేది పత్తి మార్కెట్టు వెనుక వీధిలో ఒక ముస్లిం కుటుంబం వారి ప్రెస్సు. వారి తండ్రిగారు మా తాతగారి పంచాంగం అచ్చు వేశారు. కుమారుడు మా పెదనాన్నగారి పంచాంగం వేస్తూ వచ్చాడు. ఆయనది నా ఈడే. నేను ఆయనను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను స్వామీ అనేవాడు. ఇద్దరం పేర్లు పెట్టి పిలుచుకున్న జ్ఞాపకం లేదు.

ఆ ప్రెస్సుకు ఒక ఆచారం ఉండేది. సీసంతో పోతపోసిన కొత్త అక్షరాలు ఫౌండ్రీ నుంచి రాగానే మా ఇంటి ఆడవారు వెళ్లి, ఒక్కొక్క అరలో ఒక్కొక్క అక్షరానికి, కాగితానికి ఆనే ముఖం మీద, కుంకుమ బొట్టు పెట్టాలి. ఆ తరువాతే దానికి సిరా తగలాలి. ఈ ఆచారం పెట్టినది మా వాళ్లు కాదు, ప్రెస్సు వాళ్లే. పంచాంగం మీది కాబట్టి బొట్టు మీ ఇంటి నుంచే రావాలని భాయ్ తండ్రిగారు పట్టుబట్టారట. బొట్టు పెట్టిన గంటకల్లా కిరసనాయిలు గుడ్డతో తుడిచి పనిలోకి దిగేవారు. సీసానికి ఏ బాధా ఉండేది కాదు.

అయితే సీసం అరిగిపోయింది. పోతపోసి పంపే ఫౌండ్రీ మూతపడింది. వత్తులు విరిగాయి, అంకెల కాళ్లు ఊడాయి. ముందటి ఏడు పంచాంగంలో ఒక ఏకాదశి దగ్గర తేదీ అంకె పోల్చుకోరాకుండా పడింది. కౌతాళం అనే ఊళ్లో సగం మంది ఒకనాడు ఉపవాసమున్నారు, మిగతా సగం మంది మరునాడు ఉన్నారు. మొదటివారు ద్వాదశి పారణకు విస్తళ్లు వేసుకుంటుంటే రెండవవారు వచ్చి ఏకాదశినాడు అన్నం తింటారా అని ఆక్షేపించారు. మాట పెరిగింది. చివరికి రెండు పక్షాలవారూ ఒకే బస్సులో ఎమ్మిగనూరు వచ్చి మా పెదనాన్నగారి గుమ్మం ముందు నిలబడ్డారు. ఆయన జీవితంలో ఎవరిచేతా లెక్క తప్పిందనిపించుకోని మనిషి. ఆ రోజు ఆయనకు కలిగిన కోపం ఏడాది చల్లారలేదు.

విభవ పుష్యమాసంలో నన్ను పిలిపించి కూర్చోమనకుండానే చెప్పారు.

"నా లెక్కలో తప్పు లేదురా. తప్పు వాని సీసంలో ఉండాది. రథసప్తమి నాటికి చైత్రమాసం పుట ఒగటి, తేటగా, నా చేతిలో ఉండల్ల. లేదంటే రాతప్రతి బళ్లారి ప్రెస్సుకు పోతాది."

ఈ మాటను భాయ్‌కి చేరవేశాను. ఆయన గోడకున్న తన తండ్రిగారి పటం వైపు చూశాడు. ఆ పటం కిందనే మా తాతగారి తొలి పంచాంగం అట్ట కూడా అద్దం బిగించి వేలాడుతూ ఉండేది. పెళ్లి పత్రికలవారు, పత్తి వ్యాపారులు, గుడుల వారు ఆ ప్రెస్సుకు వచ్చేది పంచాంగం అచ్చయ్యే చోటు అన్న పేరు చూసే. పంచాంగం బళ్లారికి పోతే ఆ వీధిలో ప్రెస్సు నిలవదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన అప్పటికే ఒక సాహసం చేసి ఉన్నాడు. కాలితో తొక్కే అచ్చు యంత్రాలు రెండుంటే ఒకదాన్ని అమ్మి కంప్యూటరు కొన్నాడు. దానిలో విండోస్ అనే ఏర్పాటు ఉంది. తెర మీద కిటికీల వంటి చట్రాలు తెరుచుకుంటాయి, మౌసుతో బాణం గుర్తును జరిపి వాటిని ముట్టుకోవచ్చు. అంతా బాగుంది కాని అది ఇంగ్లీషు తప్ప మరొకటి ఎరుగదు. అమ్మినవారు నేర్పిన నాలుగు ఆజ్ఞలు పట్టుకుని భాయ్ దాని ముందు కూర్చుని తన పేరును ఇంగ్లీషులో రకరకాల సైజుల్లో రాసుకుంటూ ఉండేవాడు. చూసినవారు, సాయిబు ఇక దొరల పెండ్లిపత్రికలు వేస్తాడని ఎగతాళి చేసేవారు.

దారి చూపినవాడు మా మేనల్లుడు, బెంగుళూరులో ఇంజనీరు. ఏదో దూరదేశపు విశ్వవిద్యాలయంలో తెలుగువాడొకాయన విండోస్‌లో తెలుగు అక్షరాలు రాసే ప్రోగ్రాం తయారుచేసి, కావలసినవారు తీసుకోవచ్చునని అక్కడి యంత్రంలో ఉంచాడట. టెలిఫోను తీగ గుండా దానిని మన యంత్రంలోకి దింపుకోవచ్చునట. మా వాడు దీనిని డౌన్‌లోడ్ అన్నాడు. తుంగభద్ర కాలువ చివరి పొలానికి నీళ్లు వచ్చినట్లు అది కాస్త వచ్చి ఆగి, ఆగి మళ్లీ వచ్చి, నడుమ తీగ తెగితే మొదటికి పోయి, మొత్తానికి దిగింది. దానిని ఫ్లాపీల్లో పెట్టి, ఆదోనికి రైలెక్కిన తెలిసినవారి చేత పంపాడు. చవితినాటి సాయంత్రం నా చేతికి వచ్చింది. మడిచిన జేబురుమాలంత వెడల్పున్న నల్లని పలుచని పలకలు, అయిదు. వాటిలో ఉన్నది ఉన్నట్లుగా పనిచేయదనీ, చోటు కలిసిరావడానికి గట్టిగా నొక్కి కట్టిన మూట అనీ, దానిని ఆర్కైవ్ అంటారనీ, విప్పే ప్రోగ్రాం మొదటి ఫ్లాపీలోనే ఉన్నదనీ, అది ఎలా నడపాలో కూడా ముందే ట్రంకాల్‌లో చెప్పి ఉన్నాడు.

మరునాడు శ్రీపంచమి. అక్షరాలు రావడానికి అంతకన్న మంచిరోజు పంచాంగకర్త ఇంట పుట్టినవాడికి ఎక్కడ దొరుకుతుంది? రాహుకాలం రాకముందే మొదలుపెట్టాలని పొద్దున్నే ప్రెస్సుకు చేరాం. భాయ్ యంత్రానికి సాంబ్రాణి పొగ వేసి, మా ఇంటిదానికోసం స్టూలు వేసి ఉంచాడు. ఆచారం తప్పడానికి వీల్లేదన్నాడు. ఆమె కుంకుమను నీటిబొట్టుతో తడిపి, ఫ్లాపీల మీద అంటించి ఉన్న కాగితపు ముక్కల పైన వరుసగా బొట్లు పెట్టింది. చివరిదానికి మా మేనల్లుడు కాగితం అంటించలేదు.

"అన్నా, దీనికి కాయితం లేదు. బొట్టు యాడ పెట్టల్ల?" అని ఆమె అడిగింది.

భాయ్ దానిని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నల్లని తొడుగు మధ్యలో కోలగా ఒక సందు ఉంది. ఆ సందులోంచి లోపలి గోధుమరంగు రేకు నున్నగా మెరుస్తోంది.

"ఇదే గదమ్మా దీని మొగం. అక్షరం ఈడనే ఉంటాది. పెట్టు," అన్నాడు.

సీసపు అక్షరానికి ముఖం మీద బొట్టు పెట్టడం చూస్తూ పెరిగినవాళ్లం. నాకూ అది సక్రమంగానే తోచింది. ఆమె పెట్టింది. భాయ్ సంతృప్తిగా తల ఊపి మొదటి ఫ్లాపీని యంత్రం నోట పెట్టాడు.

విప్పే ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరం వెంట అక్షరం చదివి నేను చెబుతుంటే ఆయన ఒంటి వేలితో కొట్టాడు. ఆయన మీటలు వెతుక్కునే ఖాళీలో నేను, ఋషులు శాస్త్రాన్ని సూత్రాలుగా బిగించారనీ, భాష్యకారులు విప్పారనీ, ఇదీ అటువంటిదేననీ కొంత ప్రసంగం చేశాను.

"సూత్రాలు సరే స్వామీ, ఆ తెర మీద ఏమంటాందో సూడు," అన్నాడు భాయ్.

తెర మీద చోటు చాలదని ఉంది. మళ్లీ కొట్టాం. మళ్లీ అదే మాట. భాయ్ కుర్చీ వెనక్కి జరిపి యంత్రాన్ని నఖశిఖపర్యంతం చూశాడు.

"గది సగం మింగి కూసునింది. ఇంకా సోటు సాలదంటాది. దీనికి వేరే ఇల్లు బాడిగకు సూడల్లేమో," అన్నాడు.

అప్పుడు ప్రహరీ అవతల పత్తి ప్రెస్సింగ్ ఫ్యాక్టరీలో యంత్రం దబ్బున మూలిగింది. అది ఆ వీధిలో ఎవరూ చెవిన పెట్టని నిత్యపు చప్పుడు. దూదిని కుదించి, ఇనుప పట్టీలు బిగించి బేళ్లు కట్టే యంత్రం అది. నా చిన్నప్పుడు స్టేషను దారిలో ఒక బండి మీద బేలు పట్టీ తెగడం చూశాను. అంతవరకు బండి మీద బుద్ధిగా కూర్చున్న బేలు లేచి, ఉబ్బి, ఎద్దుల మీదకు పొర్లి, దారి అడ్డంగా పరుచుకుంది. ఎంత తొక్కినా ఆ దూది మళ్లీ ఆ బండిలో పట్టలేదు. మేము చేస్తున్నది అదే. మూట ఉన్న ఫ్లాపీలోనే మూట విప్పమంటున్నాం.

"భాయ్, బేలును బండి మీద విప్పుతున్నాం. దింపి గోడౌనులో విప్పాలి," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పకపక నవ్వి, యంత్రం పొట్టలో ఉన్న హార్డ్ డిస్కును వేలితో తట్టాడు. గోడౌను అదే. మూటను ముందుగా అందులోకి దించి, అక్కడ విప్పమని ఆజ్ఞ ఇచ్చాం. తెర కదిలింది. ఒక పేరు వచ్చింది, దాని కింద మరొక పేరు, దాని కింద ఇంకొకటి, ఒక్కొక్క పేరు పక్కన సరే అన్న గుర్తు. వరుసలు కింది నుంచి పైకి పారుతుంటే భాయ్ వాటిని ఉర్దూలో లెక్కపెట్టి, కాసేపటికి లెక్క మానేసి ఊరికే చూశాడు. శాస్త్రం చదివినందుకు కాక పత్తి ఊరిలో పుట్టినందుకు నాకు ఆనాడు గర్వం కలిగింది. రెండవ ఫ్లాపీ, మూడవది, నాలుగవది, అన్నీ అలాగే విచ్చుకున్నాయి.

అయిదవది పెట్టగానే విసుర్రాయిలో ఇసుక పడినట్లు గరగరమంది. చదవలేనని తెర మీద వచ్చింది. భాయ్ బయటికి తీశాడు. గోధుమరంగు రేకు మీద ఎర్రని గీత గుండ్రంగా తిరిగి ఉంది.

మా ఇంటిది చేతిలోని భరిణె మూత మూసి, దానిని కొంగు చాటున పెట్టుకుంది. చివరి మూట లేనిదే పై నాలుగూ పనిచేయవని మేనల్లుడు గట్టిగా చెప్పి ఉన్నాడు. రథసప్తమి ఆదివారం.

"నా సేత్తోనే సూపిచ్చి పెట్టిచ్చినాను," అన్నాడు భాయ్ మెల్లగా. "మీ పెదనాయనకు ఏమని సెప్పల్ల?"

ఎదుటి పత్తి వ్యాపారి దుకాణం నుంచి బెంగుళూరికి ట్రంకాల్ బుక్ చేసి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక కలిసింది. సంగతంతా విని మా మేనల్లుడు నవ్వు ఆపుకోవడం తీగ ఇవతలికి కూడా వినిపించింది. తన ఆఫీసు యంత్రంలో ప్రతి చెరిపేశారనీ, మళ్లీ డౌన్‌లోడ్ చేసి పంపాలంటే వారం పైబడుతుందనీ చెప్పాడు. అప్పుడు వాడు, కొందరు లోపలి రేకును బయటికి తీసి కడిగి బాగుచేసుకున్నారని విన్నానన్నాడు.

"నేనెప్పుడూ సేయలేదు మామా. పట్టుచీర ఉతికినట్ల ఉతకల్ల. గోరు తగిలిందా, ఐపోయినట్లే. నీడలో ఆరబెట్టు."

ఆ మాట తీసుకుని వచ్చి ప్రెస్సులో చెప్పాను. భాయ్ తన చేతులు చాచి చూపాడు. జీవితమంతా సీసం ఏరిన ఆ వేళ్లు కాయలు కాసి ఉన్నాయి. ఇది నా వల్ల కాదన్నాడు. మా ఇంటిది మాత్రం అప్పటికే లేచింది. పట్టుచీర అన్న మాట ఒక్కటి చాలింది ఆమెకు. ఇంటికి పోయి కుంకుడుకాయలు నానవేసి, రసం రెండుసార్లు వడగట్టి, కాచి చల్లార్చిన నీళ్ల బిందెతోనూ, మడిగా ఆరిన నూలు పంచెతోనూ తిరిగివచ్చింది.

"పెట్టింది నేను. కడిగేదానికి నీళ్లన్నా నేనే పోస్తాను," అంది.

కాగితాలు కోసే బ్లేడుతో తొడుగు అంచు చీల్చి రేకును బయటికి తీశాను. నా చేతిలో అది గాలికి వణికింది. ఉపనయనమైన కొత్తలో మా తండ్రిగారు నాకు సాలగ్రామాలకు అభిషేకం చేయడం నేర్పారు. వేలికొనలతో అంచు పట్టాలి, గోరు తగలరాదు, ఒక ధారగా నీరు పడాలి, గుడ్డతో రుద్దరాదు, అద్దాలి. ఆదోనికి వచ్చిన తరువాత కూడా నేను ఆ పని ఒక్కపూట మానలేదు. వేళ్లు వాటంతట అవే ఆ పద్ధతిలోకి వెళ్లాయి. మా ఇంటిది పోస్తుంటే కుంకుడు నీళ్ల నురుగులో ఎరుపు కరిగి, గులాబిరంగై, తెల్లబడి పోయింది. తేట నీళ్లు పోయించుకుని, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ పోయించుకున్నాను. మడి పంచె మడతల నడుమ దానిని అద్ది, దుమ్ము తగలని గదిలో నీడన ఆరబెట్టి తలుపు వేశాం. ఆ గదివైపు ఎవరూ వెళ్లకుండా భాయ్ గడప ముందే చాప వేసుకుని, నమాజుకు తప్ప సాయంత్రం దాకా కదలలేదు.

షష్ఠి శనివారం పొద్దున రేకు పొడిగా ఉంది. ఒక కొత్త ఖాళీ ఫ్లాపీ తొడుగును కోసి, దాని రేకు తీసివేసి, మా రేకును అందులో దోపాను. మా ఇంటిది వచ్చింది కాని వాకిలి దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మని భాయ్ పిలిస్తే, ఈ పని అయ్యేదాకా తన నీడ కూడా దానిమీద పడకూడదని చెప్పింది. భాయ్ బిస్మిల్లా అన్నాడు. నేను మనసులో తల్లిని తలచాను. ఫ్లాపీ లోపలికి వెళ్లింది.

గరగర లేదు. సన్నని తిరుగుడు చప్పుడు, తుమ్మెద మూలిగినట్లు. తెర మీద ఒక పేరు వచ్చింది. దాని పక్కన సరే అన్న గుర్తు పడింది. తరువాత పేర్లు ఒకదాని వెంట ఒకటి పారి, మూట అడుగు దాకా విచ్చుకుని, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

భాయ్ విండోస్ తెరిచి, కొత్త బొమ్మను మౌసుతో తట్టాడు. తెల్లని పుట వచ్చింది. నేను మీటలు నొక్కాను. శ్రీకారం పడింది. నిండుగా, ఏ కాలూ విరగకుండా, రకారం కిందికి చక్కగా వంపు తిరిగి పడింది. భాయ్ తెరను వేలితో తాకబోయి ఆగి, వాకిలి వైపు తిరిగాడు.

"రామ్మా, ఇంగ రా. నీ అక్షరం తేటగా ఉండాది."

ఆమె వచ్చి చూసి కళ్లు తుడుచుకుంది. ఆ పూటంతా, పెదనాన్నగారు నమూనాకని ముందే ఇచ్చిన చైత్రమాసపు కాగితాన్ని నేను చదువుతూ, ఆయన కొడుతూ, ఆయన అలసినప్పుడు నేను కొడుతూ చైత్రమాసం పుట కూర్చాం. ఏ మీటకు ఏ వత్తు వస్తుందో వెతుక్కోవడమే సగం పని. ప్రింటరు సూదులు కిర్రుమంటూ పుటను బయటికి తోసినప్పుడు, ఎగతాళి చేసినవారిలో ఇద్దరు వాకిట్లో నిలబడి ఉన్నారు. భాయ్ పుటను వారి చేతికివ్వకుండా దూరం నుంచి చూపి, పెండ్లి పత్రికలుంటే సోమవారం రమ్మన్నాడు.

రథసప్తమినాడు మొదటి బస్సుకు భాయ్, నేను ఎమ్మిగనూరు చేరాం. మా పెదనాన్నగారు జిల్లేడాకులు తలపై పెట్టుకుని స్నానం చేసి, సూర్యుడికి అర్ఘ్యమిచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. పుట అందించాను. అలవాటుగా భూతద్దం కోసం చెయ్యి చాచి, కాగితం వైపు చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఒక్కొక్క వరుస పెదవులు కదుపుతూ చదివారు. ఏకాదశి దగ్గర ఆగారు.

"ఈ అంకె కౌతాళం వాళ్లకు కనపడతాదా?"

"ఆదోని కొండ మీద నిలబడి సూపిచ్చినా కనపడతాది స్వామీ," అన్నాడు భాయ్.

"అక్షరాలకు బొట్టు పెట్టించినావా?"

"పెట్టించినాము. కడిగినాము గూడ."

ఏమిటా కథ అని ఆయన నా వైపు తిరిగితే చెప్పాను. ఆయన గట్టిగా నవ్వడం ఏడాది తరువాత అదే మొదటిసారి. లోపలికి వెళ్లి పట్టుగుడ్డలో కట్టిన రాతప్రతి తెచ్చారు. ఏటా దానిని నా చేతిలో పెట్టేవారు, నేను ప్రెస్సుకు చేర్చేవాణ్ణి. ఆనాడు నన్ను దాటి నేరుగా భాయ్ చేతుల్లో పెట్టారు. ఆయన దానిని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"బళ్లారి మాట ఇంగ ఎత్తద్దు," అన్నారు పెదనాన్నగారు.

మిగతా మాసాల పుటలూ అలాగే కూర్చి, వాటి నుంచి లోహపు అచ్చు బ్లాకులు చేయించి, శుక్ల నామ సంవత్సర పంచాంగాన్ని ఆ ప్రెస్సులోనే అచ్చు వేశాం. విభవ నామ సంవత్సర ఫాల్గుణ బహుళ దశమి నాడు మొదటి కట్ట ఎమ్మిగనూరు చేరింది.